నోటి బ్యాక్టీరియా, యోని ఇన్ఫెక్షన్లు

పంటి పాచిలో, చిగుళ్ల సందుల్లో పెరిగే కొన్ని బ్యాక్టీరియాలు స్త్రీల జననాంగాల్లోనూ కనిపిస్తాయి. వీటిలో ముఖ్యమైనది ఫ్యూసోబ్యాక్టీరియం న్యూక్లియేటం. నీచు వాసనతో పల్చటి తెల్లబట్ట అయ్యే బ్యాక్టీరియల్ వజైనోసిస్‌తో దీనికి సంబంధం ఉంది.

తొలి పరిశోధనలు

పంటి పాచిలో కదిలే సూక్ష్మజీవుల గురించి డచ్ పరిశోధకుడు లీవెన్‌హుక్ 1683లో లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. యోనిలో సహజంగా ఉండే లాక్టోబాసిల్లస్‌ను 1892లో జర్మన్ వైద్యుడు డోడర్లైన్ వర్ణించాడు. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియాకు ఇది దగ్గరి చుట్టం. ఇది తయారుచేసే ఆమ్లమే హానికర క్రిములను అదుపులో ఉంచుతుంది. 1955లో అమెరికా వైద్యులు గార్డ్‌నర్, డ్యూక్స్ బ్యాక్టీరియల్ వజైనోసిస్ తెల్లబట్టలో కనుగొన్న క్రిమికి 1980లో గార్డ్‌నరెల్లా అని పేరు పెట్టారు.

నోటితో ముడి

2010లో అమెరికాలో ఒక కేసు వెలువడింది. గర్భిణికి చిగుళ్ల వాపు వచ్చింది. నెలలు నిండాక బిడ్డ చనిపోయి పుట్టింది. బిడ్డ ఊపిరితిత్తుల్లో, కడుపులో దొరికిన ఫ్యూసోబ్యాక్టీరియం తల్లి పంటి పాచిలోనూ ఉంది, యోని నమూనాలో లేదు. అంటే క్రిమి రక్తం ద్వారా గర్భాశయానికి చేరి ఉండవచ్చన్నమాట.

యోనిలో ఇది నిలదొక్కుకునే తీరు 2020లో తెలిసింది. యోని జిగురులోని సియాలిక్ ఆమ్లం అనే చక్కెరను ఫ్యూసోబ్యాక్టీరియం తానుగా విడదీయలేదు. గార్డ్‌నరెల్లా వంటివి విడదీస్తే తింటుంది, బదులుగా వాటి పెరుగుదలకు తోడ్పడుతుంది.

బస్తర్ పరిసరాల్లో

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌కు ఇంద్రావతి నది అవతల, మహారాష్ట్రలోని గడ్చిరోలిలో వైద్య దంపతులు రాణీ బంగ్, అభయ్ బంగ్ రెండు గ్రామాల్లో 650 మంది స్త్రీలను పరీక్షించారు. 1989లో ‘లాన్సెట్’లో వచ్చిన ఫలితాల ప్రకారం 92 శాతం మందికి స్త్రీ సంబంధ వ్యాధులున్నాయి, అంతకుముందు పరీక్ష చేయించుకున్నవారు 8 శాతమే. ఆ అధ్యయనం నోటి జోలికి పోలేదు. అయితే ఛత్తీస్‌గఢ్‌లో స్త్రీలు కూడా పళ్లకు రుద్దుకునే గుడాఖు అనేది పొగాకు, బెల్లం కలిపిన ముద్ద. పొగాకు చిగుళ్లను దెబ్బతీస్తుంది.

తెల్లబట్టకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇచ్చే ఆకుపచ్చ కిట్‌లో సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ ఉంటాయి. ఆక్సిజన్ లేనిచోట పెరిగే బ్యాక్టీరియా మీద సెక్నిడజోల్ పనిచేస్తుంది. ఫ్యూసోబ్యాక్టీరియం ఆ కోవదే. పళ్ల మీద గట్టిపడ్డ గారను మాత్రం దంతవైద్యుడే తీయాలి.