గిడుగు పంతులుగారూ, మన డిడ్ నాట్ వెంటూ

మా టీములో శ్రీకాకుళం కుర్రాడొకడున్నాడు. కోడు శుభ్రంగా రాస్తాడు. ఆ మధ్య గ్రూప్ చాట్‌లో "ఐ డిడ్ నాట్ వెంట్ త్రూ ద లాగ్స్" అని రాశాడు. ఒకాయన దాన్ని అందరిముందూ సరిదిద్ది ఓ నవ్వుబొమ్మ పెట్టాడు. ఇంకో ఆరుగురు నవ్వారు, అందులో నేనూ ఉన్నాను. తర్వాతి వారం రిలీజులో పగిలిన విషయం వాడికి ముందే తెలుసట. చెప్పలేదేం అంటే, "ఏటి రాసినా నవ్వుతారు, ఎందుకన్నా" అన్నాడు.

అప్పట్నుంచీ గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తున్నారు. ఆయనదీ ఆ జిల్లాయే. 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. విజయనగరం మహారాజావారి స్కూల్లో గురజాడ అప్పారావు ఆయన సహాధ్యాయి.

ఇంగ్లీషు పేరుతో మనవాళ్ళు చేసే విన్యాసాలన్నీ గురజాడ అప్పుడే పట్టేశారు. కన్యాశుల్కం 1892లో విజయనగరంలో ఆడారు, 1897లో అచ్చయింది. అగ్నిహోత్రావధాన్లు ఇంట్లో గిరీశం, వెంకటేశం ఇంగ్లీషులో 'మాట్లాడుకునే' ఘట్టం గుర్తుందా? బట్టీ పట్టిన పిల్లల పద్యం ముక్కా, రేఖాగణితం వాక్యమూ ఒకరిమీదొకరు విసురుకుంటారు. వినేవాళ్ళకి అదే సంభాషణ! పుస్తకంలోంచి వచ్చిన భాష పుస్తకంలాగే బయటికొచ్చింది.

గిడుగువారు ఇంకో దారిలో వెళ్ళారు. పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవరలతో మాట్లాడి సవర భాష నేర్చుకున్నారు, చివరికి నిఘంటువే రాశారు. 1906-07 ప్రాంతంలో స్కూళ్ళ ఇన్స్పెక్టరుగా వచ్చిన యేట్స్ దొర, తెలుగు పిల్లలు మాట్లాడేదొకటీ పుస్తకంలో ఉండేదింకొకటీ ఎందుకని అడిగాడు. ఆ ప్రశ్న వ్యావహారిక ఉద్యమంగా మారింది. (అన్నట్టు, వాడుక తెలుగు కావాలని 1914లో గురజాడ మద్రాసు యూనివర్సిటీకిచ్చిన అసమ్మతి పత్రం ఇంగ్లీషులో ఉంది!)

నాకు బాగా నచ్చేది గిడుగువారి వాదనలో ఒక దెబ్బ. వ్యాకరణం వ్యాకరణం అని గోలపెట్టే పండితుల గ్రాంథిక రచనలే తీసుకుని, వాళ్ళు నమ్మే సూత్రాలతోనే తప్పులు ఏరి చూపించారు. 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' అని ఏకంగా పుస్తకమే వేశారు. ఎవరి నోటా లేని భాషని పండితుడు కూడా తప్పులేకుండా రాయలేడని ఋజువు చేశారన్నమాట.

ఇప్పుడు మన చాట్లు చూడండి. "సిన్స్ టూ ఇయర్స్" ఎక్కడిది? తెలుగులో "2004 నుంచి", "రెండేళ్ళ నుంచి" రెంటికీ ఒకటే నుంచి. "డిస్కస్ అబౌట్" లోని అబౌట్ మన "గురించి". ఎ, ద తెలుగులో లేవు కాబట్టి ఒకచోట ఎగిరిపోతాయి, ఇంకోచోట అనవసరంగా వాల్తాయి. "డిడ్ నాట్ వెంట్" మాత్రం తెలుగు చేసిన పని కాదు. వి-వన్, వి-టూ పట్టికలు బట్టీ పట్టించిన ట్యూషన్ చేసింది. భూతకాలం అనగానే వెంట్ దూకుతుంది, డిడ్ ఆ పని ముందే చేసేసిందన్న సంగతి పట్టికలో ఉండదు.

అమెరికా వాడు ఈ తప్పు చేయడు. "యువర్", "యూ ఆర్" కలిపేస్తాడు, "ఇట్స్" లో ఆ కామా ఎక్కడ పెట్టాలో మరిచిపోతాడు. ఎందుకంటే వాడు చెవితో రాస్తాడు. మా ఆఫ్‌షోర్ కాల్లో వాడి తప్పుకి నవ్వినవాణ్ణి ఇంతవరకూ చూడలేదు.

అలాగని ఎలా రాసినా ఒకటే అనడం లేదు. పండితుల తప్పులు లెక్కపెట్టిన గిడుగువారిని అడ్డం పెట్టుకుని ఆ మాట ఎలా అనగలం? "ప్రిపోన్" మనం వాడుకలోకి తెచ్చుకున్న మాట, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు కూడా ఎక్కించుకుంది, దానికి సిగ్గెందుకు? "డిడ్ నాట్ వెంట్" మాత్రం తప్పే. క్లయింటుకి వెళ్ళే మెయిల్లో ఉంటే దిద్దాల్సిందే.

ఆ కుర్రాడికి సారీ చెప్పాను. మొన్న వాడు మళ్ళీ చాట్‌లో రాశాడు, "దిస్ జాబ్ ఈజ్ ఫెయిలింగ్ సిన్స్ త్రీ డేస్" అని. నిజంగానే మూడ్రోజుల్నుంచి ఫెయిలవుతోంది, ఎవరూ చూడలేదు. ముందు జాబు సరిచేశాం. సిన్స్ సంగతి తర్వాత టీ దగ్గర చెప్పాను.