మైసూరు చేరికయు, భాషల యెల్లలును

దేశీయ సంస్థానములలో ప్రజాప్రతినిధి సభను తొలుత నేర్పఱచినది మైసూరు. దివాను రంగాచార్లు 1881లో సమకూర్చిన యా సభకు శాసనాధికారము లేకపోయినను, రైతులును వర్తకులును తమ కష్టసుఖములను ప్రభుత్వమునకు విన్నవించుకొను సంప్రదాయము దానివలన నెలకొనెను. 1907లో శాసన పరిషత్తును వెలసెను. ఇట్టి పూర్వానుభవము గల రాజ్యము 1947 ఆగస్టులో జయచామరాజ ఒడయరు సంతకముతో భారత యూనియనున చేరినను, బాధ్యతాయుత ప్రభుత్వము మాత్రము వెంటనే సిద్ధింపలేదు. సెప్టెంబరులో 'మైసూరు చలో' యనుచు ప్రజలు వీథులలోనికి వచ్చి, చెరసాలలకేగిన పిమ్మటనే, కోలారు సీమకు చెందిన కె. చెంగలరాయరెడ్డి అక్టోబరు 25న ముఖ్యమంత్రి యయ్యెను. సంస్థానమునకు ప్రత్యేక రాజ్యాంగమును రచించుటకై కూడిన సభ, తుదకు భారత రాజ్యాంగమునే స్వీకరింపవలెనని సూచింపగా, మహారాజు 1949 నవంబరు 25న ఆ మేరకు ప్రకటన గావించెను. స్వంత రాజ్యాంగము చేతికందు వేళ దానిని స్వచ్ఛందముగా విడిచిపెట్టుట సామాన్యమైన త్యాగము కాదు. మైసూరు ప్రజల రాజకీయ పరిణతికి ఇంతకు మించిన తార్కాణము నాకు గానరాదు.

అధికార సమస్య యిట్లు తీరెను గాని, భాషా సమస్య తీరలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించునపుడు బళ్ళారి జిల్లా చీలి, ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, తక్కినవి మైసూరునకును చెందెను. ఇరుభాషలవారును తమదేయనిన బళ్ళారి తాలూకా విషయమున న్యాయమూర్తి మిశ్రా ప్రత్యేక విచారణ జరుపవలసి వచ్చెను. ఆయన దానిని మైసూరునకు చేర్చుమనెను. రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955లో తుంగభద్ర ప్రాజెక్టు నిర్వహణమును తలచి, బళ్ళారి, సిరుగుప్ప, హోసపేట తాలూకాలు ఆంధ్రమున నుండుట మేలనినను, ఆ సూచన యమలునకు రాలేదు. ఆ సంఘమే తెలుగువారధికముగా నున్న కోలారును మైసూరునందే యుంచెను. బళ్ళారిని గూర్చి బాధపడిన తెలుగువారు సయితము, బెంగుళూరు సంతలతో నిత్యము పెనవైచికొన్న కోలారు సీమను భాషయొక్కదానినే కొలబద్దగా గైకొని వేరుచేయుట తగదని యొప్పుకొనవలెను.

వివాదము తెలుగు కన్నడములకే పరిమితము కాలేదు. ఉత్తర కన్నడ ప్రాంతములతో నేకమగుటకు పాత మైసూరువారిలోనే పలువురు సంకోచించిరి. అప్పటి మైసూరు ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య మాత్రము యైక్యమును దృఢముగా సమర్థించెను. 1956 నవంబరు 1న విశాల రాష్ట్రమేర్పడినను, మైసూరను పేరు మారి కర్ణాటక మగుటకు 1973 నవంబరు 1 వఱకు కాలము పట్టెను.

ఎల్లలు గీచిన 1956లోనే, అల్పసంఖ్యాక భాషలవారి బిడ్డలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నందింప యత్నింపవలెనను 350-ఏ అధికరణము రాజ్యాంగమున చేరినది. బెంగుళూరు తెలుగువారు కన్నడమును ప్రేమతో నభ్యసించుచునే, ఈ హక్కును తమ పిల్లలకై యడిగి సాధించుకొందురు గాక.