ప్రైమింగ్

‘ప్రైమ్’కు మూలం లాటిన్ ‘ప్రీముస్’, అంటే మొదటిది. పాత తుపాకుల్లో ముందుగా అంటుకోవడానికి చెవి (నిప్పంటించే రంధ్రం) దగ్గర పోసే చిటికెడు మందు ప్రైమింగ్. మోటారు వేసేముందు పంపు నిండా నీళ్లు పోయడమూ అదే. మన రైతులకిది కొత్త కాదు.

1955లో వచ్చిన షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజిన్‌ను విప్పి బిగించాక కూడా, ఆయిలుతో ఇలాంటి ప్రైమింగే చేసి తీరాలి. ఆయిలు దారులన్నీ ఖాళీ. అలాగే స్టార్ట్ చేస్తే బేరింగులు అరిగిపోతాయి. అందుకే డిస్ట్రిబ్యూటర్ తీసి, ఆ రంధ్రంలోంచి కడ్డీ దించి, డ్రిల్లుతో ఆయిల్ పంపును సవ్యదిశలో తిప్పుతారు. మొదట తేలిగ్గా తిరిగిన డ్రిల్లు, పంపు ఆయిలు అందుకోగానే బరువెక్కి చేతిని మెలితిప్పుతుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఆపకూడదు. మధ్యమధ్య క్రాంకును చేత్తో కాస్త తిప్పుతూ, 16 రాకర్ల దగ్గరా ఆయిలు ఊరేదాకా ఓపిక పట్టాలి.