నిద్రలో కేకలు: తావీజు, తేనె, తారీఖ్

నా బచ్‌పన్‌లో, ఏలూరులో, మా తమ్ముడు పడుకున్న గంటన్నరకే లేచి కూర్చుని కేకలు పెట్టేవాడు. కళ్లు తెరిచే ఉండేవి, అమ్మీని మాత్రం గుర్తుపట్టేవాడు కాదు. ముఖాన నీళ్లు కొట్టేవాళ్లం, భుజాలు పట్టి కుదిపేవాళ్లం. కేకలు ఇంకా పెరిగేవి. తెల్లారితే వాడికేమీ యాద్ ఉండేది కాదు. తాడేపల్లిగూడెం నుంచి నానీ వచ్చి "జిన్ను సోకింది" అంది. కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో తావీజు కట్టించారు. జిన్ను మాట విన్నాక వాడికి పడుకోవాలంటేనే ఖౌఫ్ పట్టుకుంది. వాడికి లేని భయాన్ని మేమే ఇచ్చాం.

ఇప్పుడు నా కూతురికి అయిదేళ్లు. మొన్న అదే కేక మా ఇంట్లో వినిపించింది. ఈసారి కితాబులు తిరగేశాను.

తావీజుకు పాత జాడే ఉంది. అబూ దావూద్, తిర్మిజీ సంకలనాల్లోని రివాయత్ ప్రకారం, నిద్రలో భయపడేవారికి రసూలుల్లాహ్ (స) ఒక దువా నేర్పారు. సహాబీ అబ్దుల్లా బిన్ అమ్ర్ దాన్ని ఊహ తెలిసిన తన పిల్లలకు నేర్పేవారు, పసివాళ్లకు రాసి మెడలో వేసేవారు. ఆ మెడలో వేసే మాటపై ఉలమాల్లో ఇఖ్తిలాఫ్ ఉంది. దువా నేర్పడంపై లేదు.

ఇక హకీముల మాట. ఇబ్న్ సీనా (980–1037) 'అల్ ఖానూన్'లో పిల్లల భయంకర కలలకు ఎక్కువగా కారణం అతిగా తినడమే అన్నారు. నిండు కడుపుతో పడుకోబెట్టొద్దు, కాస్త తేనె నాకించండి అన్నారు. (ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టొద్దని నేటి డాక్టర్లు చెబుతారు.) ఇలాజ్ సంగతి ఎలా ఉన్నా, వెయ్యేళ్ల కిందటే మన హకీమ్ కారణాన్ని బిడ్డ ఒంట్లో వెతికారు.

1968లో రోజర్ బ్రౌటన్ 'సైన్స్' పత్రికలో ఇంకో ముడి విప్పారు. ఈ కేకలు కల వల్ల కాదు, గాఢనిద్ర నుంచి సగమే మెలకువ రావడం వల్ల. అందుకే బిడ్డకు మనం కనిపించం, పొద్దున గుర్తుండదు.

కాబట్టి కుదపొద్దు, లేపొద్దు. పడిపోకుండా, దెబ్బ తగలకుండా చూస్తూ పక్కన కూర్చోండి. కొన్ని నిమిషాల్లో తానే సర్దుకుంటుంది. రోజూ ఒకే వేళకు వస్తుంటే, దానికి పావుగంట ముందు మెల్లగా కదిపి మళ్లీ పడుకోబెట్టండి. నిద్ర తక్కువైనా, జ్వరం ఉన్నా ఇది ఎక్కువవుతుంది.

ఒక్క ఎహతియాత్. 2020 డిసెంబరులో మా ఏలూరులో వందల మంది ఫిట్స్‌తో ఆసుపత్రి పాలయ్యారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు ఎయిమ్స్ పరీక్షల్లో తేలింది. ఒళ్లు బిగుసుకుని కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే అది ఈ మర్జ్ కాదు. తావీజు కోసం ఆగకుండా డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రి భోజనం తొందరగా, పడుకునే ముందు దువా. జిన్ను మాట మాత్రం బంద్.