డాట్ 3, 4, 5, 5.1: బ్రేక్ ఆయిల్ మూత మీది అంకెకు అర్థమేమిటి?

భిలాయ్ నుంచి విజయనగరం, శ్రీకాకుళం వైపు కారులో సొంతూరికి బయలుదేరే తెలుగు కుటుంబాలకు ఒక దారి బాగా తెలుసు. ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్, జగ్‌దల్‌పూర్, కొరాపుట్ దాటి సాలూరులో దిగుతుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టి, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించిన ఉక్కు నగరం అది. అక్కడి సెక్టార్ల రోడ్లు చదునుగా ఉంటాయి. ఇంటి నుంచి ప్లాంటు గేటుకు, అక్కడి నుంచి బజారుకు తిరిగే కారుకు బ్రేకుతో కష్టమైన పని పడేది తక్కువే. ఊరి ప్రయాణం రోజున మాత్రం లెక్క మారిపోతుంది. సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కొరాపుట్ దాటాక సుంకి ఘాట్‌లో దిగుడు మొదలవుతుంది. తిరుగు ప్రయాణంలో కేశ్‌కాల్ ఘాట్ దిగాలి.

మనుషులు, సామానుతో కలిపి 1,400 కిలోల బరువున్న కారు 700 మీటర్లు కిందికి దిగిందనుకుందాం. అప్పుడు విడుదలయ్యే శక్తి సుమారు 33 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుంచి మరిగే స్థాయికి తేవడానికి సరిపోతుంది. ఇందులో కొంత గాలికి, కొంత ఇంజిన్‌కు పోతుంది. గేరు తగ్గించకుండా పెడల్ మీదే కాలు ఉంచి దిగితే మాత్రం చాలా భాగం డిస్కులు, ప్యాడ్‌లు, డ్రమ్ముల్లో వేడిగా మారుతుంది. ఆ వేడి ప్యాడ్‌ల వెనకున్న పిస్టన్ దాటి ద్రవానికి చేరుతుంది.

ద్రవాలను నొక్కితే దాదాపుగా కుదించుకుపోవు. పెడల్ మీద పెట్టిన ఒత్తిడి నాలుగు చక్రాలకూ అలాగే అందడానికి కారణం అదే. ఆవిరి అలా కాదు, నొక్కితే నలిగిపోతుంది. ద్రవం మరిగి గొట్టాల్లో బుడగలు ఏర్పడితే, కాలి బలం వాటిని నలపడానికే ఖర్చయిపోతుంది. పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. బ్రేక్ ఫ్లూయిడ్ రకాలను వేరు చేసే ప్రధాన కొలత మరుగు స్థానం కావడం వెనుక కథ ఇదే.

పేరులో ఆయిల్, లోపల గ్లైకాల్

గ్యారేజీలో అందరూ బ్రేక్ ఆయిల్ అనే అంటారు. తొలి రోజుల్లో ఆముదాన్ని ఆల్కహాల్‌లో కలిపి వాడేవారు కాబట్టి ఆ మాటకు కొంత న్యాయం ఉండేది. నేటి కార్లు, బైకుల్లో పోసేది ఎక్కువగా గ్లైకాల్ ఈథర్ రసాయనాలతో చేసిన ద్రవం. పేరును నమ్మి ఇంజిన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో పోస్తే రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. ఒక్కసారి కొద్దిగా పోసినా వ్యవస్థ మొత్తం విప్పి, రబ్బరు భాగాలు మార్చుకోవాల్సి రావచ్చు.

డాట్ అంటే అమెరికా రవాణా శాఖ పేరుకు పొట్టి రూపం. ఆ శాఖ ప్రమాణాల్లోని అంకెలే ప్రపంచమంతా పాకాయి. డాట్ 3 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. డాట్ 4కు ఆ హద్దు 230, డాట్ 5కు, 5.1కు 260. ఇవి సీసా మూత తీసిన రోజు లెక్కలు. దారిలో అక్కరకొచ్చేది రెండో లెక్క. గ్లైకాల్ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. రబ్బరు గొట్టాల గుండా, రిజర్వాయర్ గుండా ఏళ్ల తరబడి తేమ చేరుతూనే ఉంటుంది. సుమారు 3.7 శాతం నీరు కలిసిన స్థితిని తడి మరుగు స్థానంగా కొలుస్తారు. అప్పుడు డాట్ 3కు కనీస హద్దు 140 డిగ్రీలకు, డాట్ 4కు 155కు, 5.1కు 180కి పడిపోతుంది. అంటే తడిసిన డాట్ 4 కంటే కొత్త డాట్ 3 ఎంతో మేలు. పెద్ద అంకె కొన్నామన్న ధీమా పనికిరాదు, ఎప్పుడు మార్చామన్నదే చూసుకోవాలి. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. నాలుగు నెలల వానల తేమను ఏటా చూసే ఊళ్లో ఆ గడువు దాటించకపోవడమే మంచిది.

5 వేరు, 5.1 వేరు

ఈ పేర్లు పెట్టినవారు వాడేవారిని తలచుకున్నట్టు లేరు. డాట్ 5.1 అంటే 5కు మెరుగైన రూపమనే అనిపిస్తుంది. నిజానికి రెండూ వేర్వేరు జాతులు. 5.1 గ్లైకాల్ కుటుంబానిదే, 3, 4 రకాలతో కలుస్తుంది. డాట్ 5 సిలికోన్ ద్రవం. ఊదా రంగులో ఉంటుంది, తేమను పీల్చదు, పెయింట్‌ను పాడుచేయదు. ఏళ్ల తరబడి కదలకుండా ఉండే పాతకాలపు బండ్లకు నప్పుతుంది. కానీ సన్నని గాలి బుడగలను పట్టి ఉంచుకుంటుంది కాబట్టి ఏబీఎస్ ఉన్న కార్లకు పనికిరాదు. గ్లైకాల్‌తో కలవదు కూడా.

డాట్ 3 అడిగే బండిలో డాట్ 4 సాధారణంగా పోయవచ్చు, తిరగేసి చేయకూడదు. రిజర్వాయర్ మూత మీద ఏది అచ్చయి ఉందో అదే కనీసం. ఈఎస్‌సీ ఉన్న కొత్త కార్లలో మరో షరతు ఉంది. సన్నటి కవాటాల్లో వేగంగా కదలాలని కొన్ని కంపెనీలు పల్చటి డాట్ 4 రకాన్ని కోరతాయి. ఐఎస్‌ఓ 4925 ప్రమాణంలో దాన్ని క్లాస్ 6 అంటారు. సీసా మీద ఆ మాట వెతకాలి.

ప్లాంటు నుంచి రైలు పట్టాలు, ఉక్కు మోసే పెద్ద ట్రైలర్లకు ఈ గొడవ దాదాపు లేదు. వాటి బ్రేకులు గాలితో పనిచేస్తాయి. వాటి సమస్యలు వేరు.

కొనేటప్పుడు చిన్న సీసా, సీలు చెడనిది తీసుకోవాలి. సగం మిగిలి, ఏడాదిగా అటక మీద ఉన్నదాన్ని పారేయడమే నయం. పెయింట్ మీద ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి. మట్టం తగ్గిందని ఊరికే నింపేయకూడదు. ప్యాడ్‌లు అరిగినా మట్టం తగ్గుతుంది, ఎక్కడైనా కారుతున్నా తగ్గుతుంది. కారణం చూడకుండా నింపితే ఆ సంకేతం కనపడకుండా పోతుంది. రంగు నల్లబడితే మార్చాలి గానీ, తేటగా ఉన్నంత మాత్రాన తేమ లేదని కాదు. మరిగించి చూసే టెస్టర్ ఉన్న గ్యారేజీ మాట, చవక పెన్ను టెస్టర్ దీపాల కంటే నమ్మదగ్గది.

ఘాట్‌లో పెడల్ మెత్తబడితే వెంటనే గేరు తగ్గించి, పెడల్‌ను పదేపదే నొక్కి, హ్యాండ్‌బ్రేక్‌ను మెల్లగా లాగుతూ పక్కకు ఆపాలి. ఓ గంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిగా, మామూలుగా ఉంటుంది. కింద సాలూరులో మెకానిక్ చూసినా అన్నీ బాగున్నాయనే చెప్పవచ్చు, ఎందుకంటే అప్పటికి ఆవిరి మళ్లీ ద్రవమైపోయి ఉంటుంది. బండి ముందుకు కదిలేలోపు, పాత ద్రవం మొత్తం తీసి కొత్తది పోయమని అడగాలి.