ఠాకురాణి పుట్టిల్లు మనదే

వేసవిలో పిల్లల చేత ఏం చేయిద్దామని సంఘంలో మళ్లీ మాట వచ్చింది. మన బరంపురంలో దానికి కొత్తగా వెతకాలా? రెండేళ్లకోసారి చైత్రమాసపు ఎండల్లో బుఢీ ఠాకురాణి యాత్ర వస్తుంది, వారాల తరబడి సాగుతుంది. అమ్మవారు గుడి విడిచి ఆడపడుచులా పుట్టింటికి వస్తుంది. ఆ పుట్టిల్లు దేశిబెహెరా వీధిలో, తెలుగు నేతవారైన దేరా కులపెద్ద ఇల్లు. రాత్రిళ్లు ఆడవాళ్లు ఘటాలెత్తుకుని వీధులు తిరుగుతారు, మొక్కుకున్నవాళ్లు పులివేషం కడతారు.

ఖల్లికోట కాలేజీ, వి.వి. గిరి గారు పుట్టిన ఊరు, అన్నీ మద్రాసు రాజధాని కాలపువే. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి, ఊరు అందులోకి వెళ్లింది. యాత్ర మాత్రం ఆగలేదు. ఒడియావారికీ ఆమె అమ్మే. "మేమే ముందు" అని ఈ పేరుమీద వాదించేవాళ్లంటే నాకు చిరాకు.

నా బెంగ వేరు. ఏ వేషం ఎందుకు కడతారో, ఏ ఘటం ఏ వీధికి ముందు వెళ్తుందో చెప్పగలిగిన పెద్దలు తగ్గిపోతున్నారు. మనవలకేమో తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. ఈ సెలవుల్లో నోటుబుక్కిచ్చి తాతల దగ్గర కూర్చోబెట్టండి. ఒడియా లిపిలో రాసుకున్నా సరే.