దివిసీమ ఉప్పెనలు: ఒక లంకభూమి చరిత్ర – బోధకుని ప్రశ్న

శ్రీకాకుళం అనగానే ఉత్తర కోస్తా జిల్లా గుర్తుకు వస్తుంది. కృష్ణాతీరంలో, ఘంటసాల మండలంలో, ఆంధ్ర మహావిష్ణువు ఆలయంగల గ్రామానికీ అదే పేరు. అక్కడినుండి నది వెంట దిగువకు వెళ్తే పులిగడ్డ వద్ద కృష్ణ చీలుతుంది. ఆ పాయలకూ బంగాళాఖాతానికీ నడుమనున్న లంకభూమియే దివిసీమ. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందులోనివే. 2006లో పులిగడ్డ–పెనుమూడి వంతెన తెరిచేవరకు ఎదుటి ఒడ్డున ఉన్న రేపల్లె వైపు పోవాలంటే పడవ ఎక్కాలి, లేదా విజయవాడ చుట్టి రావాలి.

నది తెచ్చిన ఒండ్రే ఈ నేల. పంటకు ఎంత మంచిదో అంత పల్లం. సముద్రం పొంగితే అడ్డు లేదు. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు సువార్తసేవకై దిగిన బందరు ఈ సీమకు పొరుగుపట్టణమే. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఆ పట్టణంలోను, చుట్టుపక్కలను సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19, శనివారం, దివిసీమ వంతు వచ్చింది. సుమారు అయిదు మీటర్ల ఎత్తున అల లోపలికి చొచ్చుకువచ్చింది. అధికారిక లెక్కప్రకారమే పదివేలమంది మరణించారు. మరునాడు ఆదివారం.

అది దేవుని తీర్పని ప్రసంగించేవారు నేటికీ ఉన్నారు. ఆ మాటను మేము అంగీకరించలేము. సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిదిమంది ఇతరులకంటె పాపులా అని లూకా 13లో ప్రభువే అడిగి, కాదన్నారు. పాపాన్నిబట్టి అల మనుష్యులను ఏరుకోలేదు. సముద్రానికి దగ్గరగా, పల్లంలో, పూరిగుడిసెలలో ఉన్నవారిపై అది మొదట పడింది. గట్టి మేడ ఎక్కగలిగినవారికి బ్రతికే అవకాశం ఎక్కువ. ఈ తేడా గుణానిది కాదు, ఆస్తిది.

దీనికి రుజువు కూడ చరిత్రలోనే ఉన్నది. 1977 తరువాత తీరగ్రామాలలో తుఫాను రక్షణ భవనాలు కట్టారు, హెచ్చరికలు మెరుగుపడ్డాయి. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం సమీపంలోనే మరొక తీవ్ర తుఫాను తీరం దాటింది. లక్షలాదిమందిని ముందే తరలించినందున మృతులు వెయ్యిలోపే. అదే సముద్రం, అదే తీరం, ఆ మనుష్యులే.